బొంబాయి రేవులో మా మేనత్త

మొన్న వికారాబాద్‌లో మా ఇంట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే, మా పెద్దనాన్న మనవడు చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఓ పాత ఫోటో పెట్టాడు. గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు మా తాండూరు ఇంటివాళ్లం వరుసగా నిలబడి ఉన్నాం. కింద, ఆ రోజుల్లో అందరూ ఎంత కలిసిమెలిసి ఉండేవారో అని రాశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ అట! ఆ ఫోటోలో మా మేనత్త లేదు.

చిన్న వయసులోనే భర్త పోయి, అత్తారి ఊరు యాలాల్ నుంచి పుట్టింటికి వచ్చేసిన మనిషి ఆమె. అమ్మకు ఎప్పుడూ ఒంట్లో బాగుండేది కాదు గనుక మమ్మల్ని పెంచిందీ, కందులు చెరిగిందీ, ఇంటిల్లిపాదికీ రొట్టెలు కొట్టిందీ ఆమే. అనంతగిరి గుట్ట దాటి ఎరగదు. బొంబాయి వెళ్లొచ్చిన వాళ్లు ఎవరు కనబడినా, రైలు దిగంగనే సముద్రం చప్పుడు వినబడతదా అని అడిగేది. పెద్దనాన్న బొంబాయి ప్రయాణం కట్టినప్పుడు దారిలోకి జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూటగట్టింది ఆమే.

తీరా రేవు దగ్గర ఫోటో తీసేటప్పుడు ఆమెను సంచుల దగ్గర ఉండమన్నారు. సరే, ఎవరో ఒకరు ఉండాలి కదా అనుకున్నాను. ఎలిఫెంటా గుహలకు పోయే లాంచీ ఎక్కబోతుంటే మాత్రం పెద్దనాన్న నలుగురిలో అననే అన్నాడు.

“నువ్వు గీడనే ఉండు. నీళ్ల మీద పోయేటప్పుడు ముందల నువ్వెందుకు?”

సొంత చెల్లెలిని అన్న మాట అది. పక్కనే ఉన్న మా నాన్న ఎదుటి హోటల్ గుమ్మటం చూస్తూ నిలబడ్డాడు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. కోపంతో వెళ్లి అత్త పక్కన సంచి మీద కూలబడ్డాను. అమ్మ కసిరినా లేవలేదు. లాంచీ వెళ్లిపోయింది.

అత్త ఏడవలేదు, నీళ్లవైపు చూస్తూ కూర్చుంది. కలబురగి వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ల గుంపొకటి మా పక్కనే ఉంటే, తాండూరు అంగట్లో నేర్చిన కన్నడంతో వాళ్లతో మాటలు కలిపింది. సంగతి విని వాళ్లలో పెద్దామె చివాలున లేచింది. అందరూ మా సంచులు తలా ఒకటి అందుకుని, రేవు చుట్టూ తిప్పి తెచ్చే చిన్న లాంచీ ఎక్కించారు. సముద్రం చూడడం ఇదే మొదలని తెలిసి అత్తను అందరికంటే ముందు కూర్చోబెట్టారు. యుద్ధనౌకలు, సరుకు ఓడలు పక్క నుంచి జరిగిపోతుంటే, మొహాన పడే తుంపరలను తుడుచుకోనైనా తుడుచుకోకుండా ఆమె అంది:

“గిన్ని నీళ్లుండంగ మనూరికి వానెందుకు రాదు బిడ్డా?”

పెద్దనాన్న వాళ్లు తిరిగొచ్చాక నేనే కావాలని గట్టిగా చెప్పాను, మేమూ లాంచీ ఎక్కామని. ఆయన ముఖం నల్లబడింది. అత్త మాత్రం తొణకలేదు.

“ఎక్కిన, అన్నా. ముందల్నే కూసున్న. పడవేం మునగలే.”

ఆ తర్వాత ఏడాది దాకా ఆయన ఆమెతో మాట్లాడలేదు, ఆమె చేతి రొట్టె మాత్రం రెండు పూటలా తిన్నాడు. ఆమెను మళ్లీ ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేదు. ఆమె పోయిన నాడు అదే పెద్దనాన్న, మా చెల్లె దేవత అని పదిమందిలో ఏడ్చాడు.

ఇదంతా గ్రూపులో రాశాను. వెంటనే మనవడి ఫోన్.

“పాత ముచ్చట్లు ఇప్పుడెందుకు అత్తా?”

పాతవా? పోయిన నెల తాండూరులో చుట్టాల గృహప్రవేశానికి వెళ్లాను. ఆ కాలంలోలా ఎవరూ ఎవరినీ పక్కకు పొమ్మనలేదు, ఈ రోజుల్లో ఎవరంటారు? కానీ పాలు పొంగించే వేళకు, నిరుడు మా తమ్ముణ్ణి పోగొట్టుకున్న మరదలు తనంతట తానే వెనక గదిలోకి వెళ్లి కూర్చుంది. చెయ్యి పట్టి లాగాను.

“వద్దులే వదినా, ఎందుకొచ్చిన లొల్లి” అని మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

పెద్దనాన్న మీదైతే అరవగలిగేదాన్ని. అక్కడ ఎవరి మీద అరవాలో తెలియక, తలుపు దగ్గరే నిలబడిపోయాను.