నియాండర్తాల్ వాళ్ళకో ఆకు

మా మేనత్త పోయింది. విరుదునగర్‌లో మిషన్ ముందు కూర్చుని ఎవరిదో రవికెకు చేతులు కుడుతుంటే కోవిల్‌పట్టి నుంచి నాన్న ఫోను. "అక్క పోయిందిమ్మా. కాఫీ తాగి, పేపరు చదవతా చదవతా అట్నే..." అన్నాడు. ఆ పేపర్లో పాత ఎముకల వార్త ఏదైనా ఉందేమో, నాకు చెప్పకుండానే వెళ్ళిపోయిందే అని ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడ్చాను.

అత్త హైస్కూల్లో సైన్సు టీచరు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. పెళ్ళి చేసుకోలేదు. "అడిగినోళ్ళు నాకు నచ్చలే, నచ్చినోళ్ళు అడగలే," అని తేల్చేసేది. ఆమెకు లోకంలో అందరికన్నా ఇష్టమైనవాళ్ళు నియాండర్తాల్ మనుషులు. వేల ఏళ్ళ కిందట చలిదేశాల్లో బతికి, ఇప్పుడు లేకుండా పోయినవాళ్ళు. "మా బావ యా గుహలో ఉండాడో!" అని నాన్న ఎగతాళి చేసేవాడు.

మొదట్లో వాళ్ళు మన తాతలని పాఠం చెప్పింది. తర్వాత చదువుకుంటే తాతలు కారని తేలింది. ఒకే మూలం నుంచి ఎప్పుడో విడిపోయిన దాయాదులు, మా మాటలో పంగాళులు. ఇంకొన్నేళ్ళకు, ఆ పంగాళులకూ మనవాళ్ళకూ పిల్లలు పుట్టారనీ, వాళ్ళ వారసత్వం కాస్త మన ఒంట్లో ఇంకా ఉందనీ తెలిసింది. ఇక చూడాలి! దొరికిన పాత శిష్యుణ్ణల్లా ఆపి పాఠం దిద్దేది. ఒకసారి బస్టాండులో విళాత్తికుళం బస్సెక్కబోతున్న బట్టతలాయన్ని పట్టుకుంది.

"రేయ్, తొమ్మిదో క్లాసులో నీకు తప్పు చెప్పిండాను. వాండ్లు తాతలు గాదు, పంగాళులు. పంగాళులైనా సంబందం కలిసింది. మన్నించుకో," అని చేతిలో కడలమిట్టాయి, అదే వేరుశెనగ పట్టీ, పొట్లం పెట్టింది.

ఆయన మిరపకాయల మూట దించి, "ఆ పరీచ్చ నేను తప్పిండాను టీచర్," అన్నాడు. అత్త ఇంకో పొట్లం ఇచ్చింది.

ఏటా పెద్దలకు పెట్టుకునే ఆడి అమావాస్యకు మేమంతా ఆమె ఇంట్లో చేరేవాళ్ళం. మేడ మీద నాన్న పెద్దలకు ఆకులు వేసి, వడ్డించి, కాకుల్ని పిలిచేవాడు. చివర్లో అత్త ఇంకో అరిటాకు తెచ్చి వేసేది.

"ఎవురికక్కా ఇది?"

"నియాండర్తాల్ వాండ్లకు. వాండ్లకు ఆకు వేసేదానికి ఎవురుండారు?"

"వాండ్లకు సాంబారు తెలుసునా?"

"నువ్వు పొయ్యి. వాండ్లే తెలుసుకుంటారు."

ప్రతి ఏడూ ఇదే గొడవ. "మనకూ వాండ్లకూ ఏం బందం?" అని నాన్న గునిసేవాడు. "అద్దంలో నీ ముక్కు చూసుకో," అనేది అత్త.

ఒక ఏడు ఆకులు కడుగుతూ నాతో అంది: "బిడ్డల్లేని ఆడదానికి ఎవురూ ఆకు వేయరమ్మీ. మీ నాయన, తాతకూ అవ్వకూ వేసి ఆపేస్తాడు. నాకు అదొకటే బయం." నవ్వుతూనే అంది. నేను వేస్తానత్తా అని ఒక్క మాట చెప్తే సరిపోయేది. "పో అత్తా, నూరేళ్ళుంటావులే," అని దాటేశాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది. ఆమే నన్ను ఓదార్చినట్టు, "వాండ్లు మాత్రం పూర్తిగా పోయినారా? కొంచిం కొంచిం మనలో ఉండారు గదా. నేనూ మీలో యాడో ఉంటాలే," అంది.

మొన్న ఆడి అమావాస్య వచ్చింది. నాన్న తాతకు ఒక ఆకు, అవ్వకు ఒక ఆకు వేసి ఆగాడు. మా ఇంట్లో ఆడబిడ్డకు వేరే ఆకు వేసింది లేదు.

"నాన్నా, అత్తకు?" అన్నాను.

నాన్న ఇంకో ఆకు తీసి నీళ్ళు చిలకరించి తుడిచాడు. అన్నం, పప్పు, అక్కకు ఇష్టమని వడలు రెండు ఎక్కువే పెట్టాడు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే, "ఇంకోటి తేమ్మా," అన్నాడు.

"ఎవరికి?"

"వాండ్లకు. వాండ్లకు పెట్టకుంటే అక్క చెయ్యి పెట్టదు."

తెచ్చాను. వడ్డించాడు. కాసేపటికి పిట్టగోడ మీదికి ఒక కాకి వచ్చింది. తాత ఆకు దాటింది, అవ్వ ఆకు దాటింది, అత్త ఆకు పక్కగా గెంతుకుంటూ పోయి, చివరి ఆకులో వడ మీద ముక్కు పెట్టింది. నాన్న నీళ్ళ చెంబు కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"రాండి బావా," అన్నాడు.