సంతకం చేసిన గుమ్మడి ఆకులు

తొర్రూరు దగ్గరి పల్లెలో పుట్టిన మొగిలమ్మ ఇరవై ఏళ్లు కూరగాయల నర్సరీలలో నారు పెంచింది. ఇప్పుడు ఆమెకు యాభై మూడేళ్లు. హన్మకొండలోని ఒక కళాశాల వృక్షశాస్త్ర ప్రయోగశాలలో కాంట్రాక్టు ఉద్యోగి. ట్రేలలో గుమ్మడి విత్తడం, నీళ్లు పెట్టడం, చెప్పిన రోజున ఆకులు కోసి ఫ్రీజర్‌లో ఉంచడం ఆమె పని. చదవడం రాదు కనుక, పరిశోధక విద్యార్థిని దీప ఒక్కో రోజుకు ఒక్కో రంగు చీటీ ఇచ్చేది.

దీప పరిశోధన మొలక తొలి జంట ఆకులలోని కొవ్వు గురించి. విత్తనంలో దాచుకున్న నూనెను కరిగించుకుని మొలక లేస్తుంది. వెలుగు తగలగానే ఆ జంట ఆకులు ఆకుపచ్చగా మారి, ఆ పచ్చదనాన్ని మోసే పొరల కోసం కొత్త కొవ్వు తయారుచేసుకుంటాయి. పైన తీగ ఎదిగే కొద్దీ అవి ముసలివవుతాయి, పొరల కొవ్వు విరిగిపోతుంది, ఆకు పసుపెక్కి రాలుతుంది. ఆ తరుగుదలను దీప రోజుల వారీగా కొలుస్తున్నది.

జనవరిలో ఆమె రెండు వారాల శిక్షణకు హైదరాబాద్ వెళ్లి వచ్చింది. మొగిలమ్మ కోసి ఉంచిన ఆకులను నూరి, కొవ్వు విడదీసి, గాజు పలక మీద ఎక్కించి, అయోడిన్ ఆవిరి పట్టింది. కొవ్వు ఎంత ఉంటే గోధుమరంగు మచ్చ అంత ముదురుగా కనిపించాలి. ఇరవై ఆరో రోజు ఆకు మచ్చ వెలవెలబోయింది. ముప్పై ఆరో రోజుది మాత్రం దానికంటే ముదురుగా వచ్చింది.

గైడ్ కిషన్ రావు పలకను వెలుతురుకు పట్టి చూశాడు.

"ముసలి ఆకు మళ్ల పడుచుదైందా? అసలు ఆకులు ఎండిపోయి ఉంటయి. మొగిలమ్మ భయపడి లేత ట్రేలకెల్లి కోసి పెట్టింది. సోమవారం నుంచి వేరే మనిషిని అడుగుదాం."

పక్క గదిలో గాజు సామాను కడుగుతున్న మొగిలమ్మ తడిచేతులతోనే వచ్చి నిలబడింది.

"సారూ, నర్సరీల లచ్చల నారు పోసిన. ఒక్క ట్రే తారుమారైందని ఎవ్వలు అనలే. పనిలకెల్లి తీసేస్తే తీసెయ్యుండ్రి. అబద్దమాడిన అని మాత్రం అనకుండ్రి."

దీప నోట్‌బుక్ తెరిచింది. "చిన్నమ్మా, నేను పోయినంక ఆ ట్రేకు ఏమేం చేసినవో రోజు రోజుది చెప్పు."

"ఏం జేస్త బిడ్డా, నీళ్లు వోసిన. తీగలు పైన లైటుకు తాకుతాంటే తలలు గిల్లిన."

"తలలు గిల్లినవా? ఎప్పుడు?"

"ఇరవై ఆరో రోజు ఆకులు కోసినంక, తెల్లారి."

"ఆ తలలేం చేసినవ్?"

"పప్పుల ఏసుకున్న. గంత లేత చిగురు పారేస్తరా ఎవలన్న?"

దీప తల పట్టుకుంది. కిషన్ రావు పెదవి బిగబట్టినా నవ్వు ఆగలేదు. "నీ థీసిస్ సగం పప్పుల పడ్డది, దీపా!" వెంటనే గంభీరమయ్యాడు. "తల తీస్తే పాత ఆకు కోలుకుంటదని నేనూ చదివిన. కానీ ఈమె గిల్లిందనేదానికి రుజువేంది? ఆ ట్రే పీకేసిరి."

"ఇంకో ట్రే ఉన్నది గద సారూ," అంది మొగిలమ్మ. "దానికి రేపటికి ఇరవై ఆరు రోజులు. మీరే ఆకుల మీద గుర్తు పెట్టుండ్రి. గది తాళం గూడ మీకాన్నే ఉంచుకోండ్రి."

మరునాడు కిషన్ రావు సన్నటి నల్ల పెన్నుతో ఇరవై మొక్కల జంట ఆకుల మీద సంతకం చేశాడు. పది మొక్కల తలలు మొగిలమ్మ గిల్లింది. మిగతా పదింటిని అలాగే వదిలారు. గిల్లిన వాటిలో రెండింటిని ఆమె వేలితో చూపింది. "ఇవి కోలుకోవు సారూ. ఆకుల ఈనెలు గూడ పసుపెక్కినయి."

నాలుగు రోజులు ఏ మార్పూ లేదు. మొగిలమ్మ టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోయేది. ఆరో రోజున, గిల్లిన మొక్కల ఆకుల్లో ఈనెల పక్కన పచ్చదనం తిరిగి వచ్చింది. పదో రోజుకు, గిల్లని మొక్కల జంట ఆకులు ముడుచుకుపోయి, సంతకాలు మడతల్లో చిక్కుకున్నాయి. గిల్లిన వాటిలో ఎనిమిది మొక్కల ఆకులు దళసరిగా, నిగనిగలాడుతూ పెరిగాయి. ఆకుతోపాటు సాగి కిషన్ రావు సంతకం అక్షరానికి అక్షరం దూరమైంది. ఆమె చూపిన రెండూ రాలిపోయాయి.

దీప మళ్లీ పలక సిద్ధం చేసింది. ఆవిరి పట్టగానే, కోలుకున్న ఆకు మచ్చ ముదురు గోధుమరంగులో లేచింది. తరిగిపోయిన పొరల కొవ్వును ముసలి ఆకు తిరిగి కట్టుకున్నది.

కిషన్ రావు కళ్లద్దాలు తీశాడు. "మొగిలమ్మా, నేను తప్పు మాట్లాడిన."

"ఇన్న సారూ. ఇంకోపాలి గట్టిగ చెప్పుండ్రి, దీప గూడ ఇననియ్యుండ్రి."

వేరే మనిషిని అడగాలన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొత్తగా నలభై మొక్కలు సిద్ధమయ్యాయి. ఎంత పసుపెక్కే దాకా ఆకు తిరిగి రాగలదో తేల్చడం ఇప్పుడు దీప పరిశోధనలో రెండో భాగం. ఏ మొక్క ఏ వరుసలోకి వెళ్లాలో మొగిలమ్మ చెబుతుంటే దీప రాసుకుంటున్నది. కిషన్ రావు స్వయంగా ఒక తల గిల్లాడు. మొగిలమ్మ వంగి చూసి, ఆయన చేయి పక్కకు నెట్టింది.

"గా పక్క మొగ్గను ఇడిశిపెట్టిండ్రేంది సారూ? ఆకు కూడవెట్టుకున్నదంత మల్ల గదే తాగుతది. జరుగుండ్రి, నేను జూపిస్త."