నలుగురికి ఒక్క చాయ్

ఈ సాయంత్రం అమీర్‌పేట మెట్రో పక్కన చాయ్ హోటల్లో, యాప్‌లో నా సీరియల్ చదివే అమ్మాయి ఒకతి కలిసింది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటుందట.

"ఈ ఒక్క ఒంట్ల మేం నలుగురం ఉంటం మేడం. సీరియల్ల మీరు సంపేసిన వసుధ సుత మాతోనే ఉన్నది. కథల జరిగినవన్నీ ఆమెకు యాదికున్నయి" అంది.

"అయితే నాలుగు చాయ్‌లు చెప్పనా?" అన్నాను. పక్క టేబుల్ వాళ్లు కూడా నవ్వారు.

ఆ పిల్ల నవ్వలేదు. "ఒక్కటి చాలు. వసుధ మిమ్మల్ని ఏదో అడుగుతదట" అని కళ్లు మూసి తెరిచింది. యాస మారిపోయింది. అచ్చం నేను వసుధకి రాసిన గోదావరి మాట.

"నన్ను కాలవలో ఎందుకు ముంచేశారండీ?"

"యాప్ వాళ్లు అరవై భాగాల్లో ముగించమన్నారు. నువ్వు అడ్డొచ్చావు" అన్నాను. నిజమే చెప్పాను, కాస్త హుషారుగానే చెప్పాను.

"నాకు ఈత వచ్చు కదండీ. పన్నెండో భాగంలో మీరే నేర్పించారు."

ఇంటికొచ్చి తీసి చూశాను. నేర్పించాను.

వసుధ చనిపోయిన రోజు కామెంట్లలో అంతంత ఏడుపులు ఏడ్చారే, మీలో ఒక్కరికైనా ఆ సంగతి గుర్తు రాలేదా?