పోపు చిటపటల మీద గేమ్ పాటలు చేసిన మా శ్రీకాంత్

నిన్న పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే చిన్నమ్మ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

ఎత్తితే ఎవరో మగగొంతు. "శ్రీకాంత్ వాళ్ళక్కనా? జల్దీ ఇస్నాపూర్ రాండ్రి" అన్నాడు. ఏమైందన్నా అంటే చెప్పడు.

మా శ్రీకాంత్ ఇక లేడు.

టైప్ చేశాను కానీ నాకింకా నమ్మకం కుదరడం లేదు. డిలీట్ చేద్దామా అనిపిస్తోంది.

మా చిన్నాయన కొడుకు. ముప్పై కూడా దాటలేదు. కంపెనీ బస్ కోసం నిలబడినవాడు నిలబడ్డట్టే కుప్పకూలిపోయాడట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. గుండె అన్నారు.

వాడికి గుండె ఏంటండీ? జలుబు తప్ప ఇంకో జబ్బు ఎరగడు.

మొన్న సాయంత్రమే వాట్సాప్‌లో కొత్త ట్రాక్ పంపాడు. "ఇను అక్కా, బేస్ ఎక్కువైందా జెర చెప్పు" అన్నాడు. ఎక్కువ కాలేదు, అన్నం తిన్నావా అని అడిగాను. తిన్న అన్నాడు.

అంతే. తమ్ముడితో చివరి మాట అన్నం గురించి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. వాడు ఇస్నాపూర్‌లో చిన్నమ్మ వాళ్ళతో ఉంటూ, పటాన్‌చెరులో ఒక కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పని చేసేవాడు. ఇంటికొస్తే లోఫై మ్యూజిక్, అంటే మనసు నిమ్మళించేలా నిదానంగా సాగే సంగీతం, చేసుకునేవాడు.

చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న క్యాసెట్ గేమ్‌లు గుర్తున్నాయా? వాటి వెనక టిక్కుటిక్కుమంటూ పరిగెత్తే ట్యూన్లు? వాటినే తీసుకుని, స్పీడ్ బాగా తగ్గించి, మెత్తటి కీబోర్డ్‌తో మళ్ళీ వాయించి, కింద నిదానంగా ఒక బీట్ వేసేవాడు. వింటుంటే ఒళ్ళు బరువు దిగినట్టు ఉండేది. వాళ్ళ పక్క గదుల్లో కిరాయికుండే బిహార్ కుర్రాళ్ళు నైట్ షిఫ్ట్ చేసి వచ్చి, అవి పెట్టుకునే నిద్రపోయేవాళ్ళు.

లోఫైలో వెనక గ్రామఫోన్ రికార్డు చిటపటలాడే శబ్దం కలుపుతారట. మావాడు గ్రామఫోన్‌ని ఎక్కడ చూశాడు పాపం! చిన్నమ్మ పప్పుకి పోపు పెడుతుంటే పొయ్యి మీదికి ఫోన్ చాపి రికార్డ్ చేశాడు.

"అరే, నూనెల పడ్తది ఫోను! పక్కకు జరుగు" అని చిన్నమ్మ గరిటె ఎత్తేది.

"అమ్మా, మాట్లాడకే. ఆవాలు పేలుతున్నయ్" అనేవాడు.

వాడు నెట్‌లో పెట్టిన ఒక పాట కింద ఎక్కడో విదేశాల్లో ఉండే ఒకాయన కామెంట్ పెట్టాడు, ఈ పాత రికార్డు సౌండ్ చాలా బాగుంది, ఏ ప్లేయర్ వాడారు అని. మేమిద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అది మా చిన్నమ్మ టమాట పప్పు సార్!

ఒక వినాయక చవితికి వీడు భజన పాటల పెన్‌డ్రైవ్ బదులు తన పెన్‌డ్రైవ్ మండపం కుర్రాళ్ళకి ఇచ్చాడు. హారతి టైమ్‌కి గేమ్ పాట మొదలైంది. జనమంతా దండాలు పెడుతూనే ఉన్నారు. మా పక్కింటి ముసలామె అయితే "మాటలు లేకున్నా మస్తు శాంతిగుంది బిడ్డా, ఎవలు జేసిండ్రు?" అని కూడా అడిగింది.

శ్రీకాంత్ నోరు తెరిచేలోపే చిన్నాయన వచ్చి పెన్‌డ్రైవ్ పీకేశాడు. "పెండ్లీడుకొచ్చినోనివి, ఇంకా పోరగాండ్ల ఆటల పాటలేంది రా!" అని అందరి ముందూ తిట్టాడు.

ఆ తిట్టు వాడికి బాగా తగిలింది. మెచ్చుకోలు కోసం ఎవరి దగ్గరా పాకులాడేవాడు కాదు. కానీ నాతో ఎప్పుడూ ఒకటే అనేవాడు. "బాపు ఒక్క పాట మొత్తం ఇంటే సాలక్కా. మంచిగుందని అనకున్నా సరే."

చిన్నాయన వినలేదు. వాడు పెడితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

నిన్న సాయంత్రం వైకుంఠ రథం వచ్చింది. డ్రైవర్ ఎప్పుడూ వేసే పాటలు వేయబోయాడు. నాకేమైందో తెలియదు, "వద్దు అన్నా" అని ఆపి, నా ఫోన్‌ని ఆ బండి స్పీకర్‌కి బ్లూటూత్‌లో కనెక్ట్ చేశాను. వాడు మొన్న పంపిన ట్రాకే రిపీట్‌లో పెట్టాను. గేమ్‌లో నీళ్ళ కింద ఈదే లెవెల్‌లో వచ్చే ట్యూన్ అది.

"సావు కాడ గివేం పాటలు?" అని పెద్దమనుషులు ఒకరిద్దరు గొణిగారు.

చిన్నాయన శవం పక్కనే కూర్చుని ఉన్నాడు. తల ఎత్తకుండానే "ఉండనియ్యుండ్రి" అన్నాడు.

బండి కదిలింది. మేమంతా వెనక నడిచాం. మా దగ్గర ఆడవాళ్ళు ఊరి చివరి మలుపు దాకే. అక్కడ బండి ఆపారు.

చిన్నాయన నన్ను పిలిచాడు. "ఇది ఎప్పుడైపోతది బిడ్డా?"

"గేమ్ పాటలకు ముగింపు ఉండదు చిన్నాయనా. ఆడేటోడు లెవెల్ దాటేదాంక తిరిగి తిరిగి వస్తనే ఉంటది. మనం ఆపితేనే ఆగుతది."

"అయితే ఆపకు."

కానీ నేను అక్కడే ఆగిపోతే, ఫోన్ దూరమై స్పీకర్ ఆగిపోతుంది. అందుకే ఫోన్‌ని ఆయన చొక్కా జేబులో పెట్టేశాను. బండి వెళ్ళిపోయింది. పాట చాలా దూరం వరకు వినిపించింది. తర్వాత హైవే లారీల చప్పుడే మిగిలింది.

ఈ పొద్దున చిన్నాయన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"నేనైతే ఆపలే బిడ్డా. శార్జింగ్ ఒడిసి, అదే ఆగింది" అన్నాడు.

మీ బాపు విన్నాడురా శ్రీకాంత్. మొత్తం విన్నాడు.

పోయిరా తమ్ముడూ. ఎక్కడున్నా నీకు చల్లగా, నిమ్మళంగా ఉండాలి.