గోలెంలో నాటిన పగడాలు

సముద్రాన్ని ఒక్క రోజు చూసి వచ్చి, దాన్ని ఇంటి ముందు నీళ్ళ గోలెంలో పండించబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, అది నేనే. ఈ కథ చివర మా వాడకట్టంతా ముక్కులు మూసుకుంటుంది. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనకండి.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. నిజాంసాగర్ కాలువ నీళ్ళు మా చందూరు పొలాలకు అందిన కొత్త. చెరుకు వేసినవాడల్లా రాజే కాబట్టి, రెండెకరాలు వేసిన నేను చక్రవర్తినే. సేద్యంలో నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. అడగని వాళ్ళకు కూడా చెప్పేవాణ్ణి.

అంతకు ముందు ఏడు నాకు విషజ్వరం వచ్చి ఇరవై రోజులు కన్ను తెరవలేదు. నేను బతికితే తన పుస్తెలతాడులోని రెండు పగడాలూ ఎల్లమ్మకు ఇస్తానని నా భార్య లచ్చవ్వ మొక్కుకుంది. నేను బతికాను, పగడాలు పోయాయి. చేదబావి దగ్గర ఆడవాళ్ళు ఆమె మెడలోని ఆ ఖాళీనే చూసేవారు. లచ్చవ్వ కొంగు కప్పుకునేది తప్ప ఒక్కమాట అనేది కాదు. ఆమె అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. అందుకే మా అవ్వను, అంటే మా అమ్మను, రామేశ్వరం యాత్రకు తీసుకుపోయే రోజున అందరి ముందూ మాటిచ్చాను.

"లచ్చవ్వా, సముద్రంలకెల్లి పగడాలు దెస్త. ఉత్త శేతులతోని వస్తే నన్ను ఇంట్ల అడుగు వెట్టనియ్యకు!"

"పయిలంగ వోయి రాండ్రి, గదే సాలు," అంది లచ్చవ్వ.

రామేశ్వరంలో దర్శనాలయ్యాయి. గుడి బయట దుకాణంలో ఎర్రటి పగడాలు దండలుగా వేలాడుతున్నాయి. అవ్వ నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"నర్సిగా, గీడనే రెండు గొనరాదుర. కోడలి మెడల వేస్త."

"గివేం పగడాలే అవ్వా! ఎప్పుడు దీసినయో ఏమో. పొద్దుగాల పడవ వోతదట, పగడాల దిబ్బ సూపిచ్చి పొద్దూకెవరకు తెస్తరట. నేనే వోయి తాజాయి తెస్త."

"పగడాలేమన్న వంకాయలార, తాజాయి దేనికి?"

ఈ ప్రశ్నలో ఎంత తెలివి ఉందో నాకు తెలియడానికి ఇంకా పది రోజులు పట్టింది. అవ్వ సత్రంలో ఉండిపోయింది. పగడాలకని దాచిన పైసలు పడవ కిరాయికి ఇచ్చి నేను ఒక్కణ్ణే ఎక్కాను.

మొదటి గంట నేను సముద్రాన్ని చూసింది లేదు. పడవ అంచు పట్టుకొని, పొద్దున తిన్న ఇడ్లీలకు వీడ్కోలు చెబుతూ గడిపాను. యాత్రికులను తిప్పీ తిప్పీ కాస్త తెలుగు నేర్చిన పడవ ముసలాయన నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు. మొలలోతు నీళ్ళున్న చోట పడవ ఆపి, అడుగున అద్దం బిగించిన చెక్కపెట్టె నా చేతికిచ్చాడు. "నీళ్ళ మీద పెట్టి చూడు సామీ," అన్నాడు.

చూశాను. నిజం చెబుతున్నాను, నీళ్ళ కింద ఒక తోట ఉంది. జింక కొమ్ముల్లాంటివి కొన్ని, క్యాబేజీ ఆకుల్లాంటివి కొన్ని, వాటి మధ్య పసుపూ నీలం రంగుల చేపలు తిరుగుతున్నాయి. లచ్చవ్వ పక్కన ఉంటే బాగుండునని మొదట అనిపించింది. ఆ తలపుతోనే ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"ఎర్రగ లెవ్వేంది?" అని అడిగాను.

"ఎర్ర పగడం వేరే జాతి సామీ. వేరే సముద్రం. ఇక్కడ లేదు. ఇది కూడా ప్రాణమే. విరిగిన ముక్క నీళ్ళలో పడితే మళ్ళీ పెరుగుతుంది. బయటికి తీస్తే చచ్చిపోతుంది. ముట్టకు."

ఆయన చెప్పినదాంట్లో నా చెవికెక్కింది ఒక్కటే, విరిగిన ముక్క మళ్ళీ పెరుగుతుందని. మా చెరుకూ అంతే కదా! గడను ముక్కలు చేసి, కన్నులున్న ముక్కను నాటితే మొలుస్తుంది. వంగి ఆ కొమ్మను దగ్గరగా చూశాను. ఒంటినిండా సన్నని బొడిపెలు, ఒక్కోదానికి ఒక్కో కన్ను! చెరుకు ముక్కకు మూడు కన్నులుంటేనే మొలక వస్తుంది, దీనికి మూడు వేలున్నాయి. ఇక రంగు సంగతంటారా, ఇవి ఇంకా పచ్చివి. మిరపకాయ పండితే ఎర్రబడదా? పాపం, పడవ నడుపుకొనే మనిషికి పంటల సంగతి ఏం తెలుస్తుంది?

స్నానం చేస్తానని నీళ్ళలో దిగాను. ఆయన అటు తిరిగి చుట్ట ముట్టించుకుంటుండగా మూడు కొమ్మలు విరిచి, ఇత్తడి చెంబులో సముద్రపు నీళ్ళతో సహా దాచేశాను.

రెండో రోజుకు రైలుపెట్టెలో వాసన మొదలైంది. "ఎవడో ఎండుశాపలు దెస్తుండు," అని అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "అవునే, సిగ్గులేని మనుషులు," అన్నాను నేను, చెంబును బెంచీ కిందికి ఇంకాస్త తోస్తూ. ఎదురు బెంచీ మనిషి తన మూటను తానే మూడుసార్లు వాసన చూసుకొని, చివరికి వేరే పెట్టెలోకి మారిపోయాడు. ఆయనకు నేను ఇప్పటికీ క్షమాపణ బాకీ.

ఇంటికి రాగానే బర్రెలు నీళ్ళు తాగే గోలెంలో ఉప్పు కలిపి మూడు ముక్కలూ నాటాను. అంతటితో ఊరుకుంటే నేను రైతునెట్లా అవుతాను? రెండు గంపల పెంట ఎరువు కూడా వేశాను.

"బతుకమ్మ వరకు ఎర్రవడుతయి," అని వాడకట్టుకు ప్రకటించాను.

"మా కోడలికి రెండు వెట్టు అన్నా!"

"నాకు నాలుగు!"

"అందరికిస్త. తొలి కాపు మా లచ్చవ్వకు," అన్నాను.

లచ్చవ్వ నవ్వింది. జ్వరం తర్వాత ఆమె అట్లా నవ్వడం అదే మొదటిసారి. అందుకే తర్వాత జరిగింది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నాలుగో రోజుకు బర్రెలు కొట్టం వదిలి పారిపోయాయి. వాడకట్టంతా ముక్కులు మూసుకుంది. నేను మాత్రం "మొలకెత్తేటప్పుడు గట్లనే ఉంటది," అంటూ ఇంకో దోసెడు ఉప్పు వేశాను. ఆరో రోజు పొద్దున లచ్చవ్వ గోలేన్ని ఒక్క తోపుతో బోర్లించింది. ఆ బురదలోంచి తెల్లటి ముక్కలు మూడు దొర్లాయి. ఎముకల్లా ఉన్నాయి.

"గివి పానమున్నయా?" అని అడిగింది.

"ఉండెనట. పడవాయన జెప్పిండు."

"జెప్పినంక గూడ విరిసినవా?"

నేను ఆ ముక్కల్ని ఏరబోయాను.

"నీ పానం కోసమే గద నేను పగడాలిచ్చింది? నువ్వు బతికినవు, గప్పుడే నా పగడాలు నాకు ముట్టినయి. నా మెడకోసరం ఇంకోదాని పానం దియ్యమని నిన్నెవలు అడిగిన్రు?"

ఆమె మెడలోని ఖాళీని అంతవరకు నా పరువుతో కొలిచాను తప్ప, అది నా ప్రాణమంత విలువైందని నాకు తట్టలేదు. చెరుకు అమ్మాక నిజామాబాదు బజారులో రెండు ఎర్ర పగడాలు కొని తెచ్చాను. దుకాణంలోనే కొన్నాను.

తెల్లముక్కల్లో ఒకదాన్ని కడిగి లచ్చవ్వ గూట్లో పెట్టింది. ఇన్నేళ్ళయినా అది అక్కడే ఉంది. నేను ఎవరికైనా సేద్యం గురించి సలహా చెప్పబోతే చాలు, దాన్ని తెచ్చి నా ముందు పెడుతుంది.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సముద్రంలో మొలిచినదాన్ని నేల మీద నాటను. పొరపాటున నాటినా పెంట వెయ్యను. ఎదుటి మనిషి చెప్పే మాటల్లో నాకు నచ్చిందొక్కటే ఏరుకోను. ఈ చివరిది కష్టమే గానీ, ఒట్టంటే ఒట్టే.

"ముందుగాల గూట్ల ముక్కను ఎర్రగ పండనియ్యి," అంటోంది లోపల్నించి లచ్చవ్వ, "అటెనుక ఒట్టు వెడుదువు గని."