కాలేయాలు తిన్నదెవరు

ఆ ఏడు మా ఊళ్ళో వరసగా ముగ్గురు మగవాళ్ళు పోయారు. ముగ్గురిదీ ఒకటే తీరు. ముందు కళ్ళు పచ్చబడ్డాయి, తర్వాత ఒళ్ళంతా దురద, ఆపైన కుడి డొక్క కింద రాయిలాంటి వాపు. మూడోవాడు తోంగ్‌సుక్ మొగుడు బున్‌మా. శవం ఇంకా ఇంట్లో ఉండగానే తోంగ్‌సుక్ మెట్ల మీద నిలబడి ఎదురింటి పెంగ్ వైపు చెయ్యి చూపించింది.

"ముగ్గురి ఇళ్ళకీ కషాయాలు మోసుకెళ్ళింది ఇదే. మా ఆయన కాలేయం దీని కడుపులో ఉంది."

మనిషిలో దూరి పక్కవాళ్ళ కాలేయాలు తినే దయ్యాన్ని మేము పోప్ అంటాం. పెంగ్ వితంతువు. పట్టుపురుగులు పెంచుకుంటూ, అడిగినవాళ్ళకి వేళ్ళూ ఆకులూ నూరి మందిచ్చేది. ఆమెకు పద్నాలుగేళ్ళ కూతురు లమ్‌యోంగ్. ఆ పిల్ల మా అందరి ముందుకూ వచ్చి నిలబడి ఒక్క మాట అడిగింది.

"మా అమ్మ మందు తాగి బతికినవాళ్ళు ఈ వీధిలోనే ముప్పై మంది ఉన్నారు. వాళ్ళ కాలేయాలు ఎందుకు తినలేదు?"

దయ్యాలు వదిలించే ఖమ్‌ఫోన్, "చూశారా, పిల్లలోకి కూడా దూరింది," అన్నాడు. అది మాకు సరిపోయింది. అతను పేము బెత్తంతో పెంగ్‌ని మధ్యాహ్నం దాకా కొట్టాడు. ఒక దెబ్బ చెవి మీద పడింది. ఆ తర్వాత ఊరంతా కలిసి వాళ్ళ ఇల్లు పీకేశాం. నేనూ ఉన్నాను. వాళ్ళు ఇంట్లోకి ఎక్కే నిచ్చెన గట్టి టేకుదని మా ఇంటికి తెచ్చుకున్నాను. తల్లీ కూతురూ ఒక చాపా, ఒక కుండా పట్టుకుని, ఇలా వెలివేసినవాళ్ళంతా చేరి ఉండే ఊరికి నడిచిపోయారు.

పోప్‌ని తరిమేశాక కూడా మా ఊళ్ళో మగవాళ్ళు పచ్చబడి పోతూనే ఉన్నారు. పన్నెండేళ్ళలో మరో పదకొండు మంది. ఆమె లేకపోయినా ఎందుకు పోతున్నారని ఎవరూ అడగలేదు. అడిగితే పీకేసిన ఇంటికి సమాధానం చెప్పాలి కదా.

పన్నెండో ఏట వేసవిలో ప్రభుత్వం వారి జీపు ఒకటి బౌద్ధ విహారం ముందు ఆగింది. అందులోంచి ఖాకీ చొక్కా వేసుకున్న ఒకామె మైక్రోస్కోపు పెట్టె పట్టుకుని దిగింది. నడక చూసి గుర్తుపట్టాను. లమ్‌యోంగ్. పురుగు జబ్బుల ఆఫీసులో పరీక్షలు చేసే ఉద్యోగమట. ఈ ఊరు తనకే కావాలని అడిగి మరీ వేయించుకుందని డ్రైవరు చెప్పాడు. జీపు వెనక సీట్లో పెంగ్ కూర్చుని ఉంది. దిగలేదు. మా వైపు చూడలేదు.

లమ్‌యోంగ్ ఇంటికి ఇన్ని చొప్పున చిన్న డబ్బాలు పంచి, మర్నాడు పొద్దున్నే అందరి మలమూ తెమ్మంది. మేము సిగ్గుపడుతూనే తెచ్చాం. రెండు రోజులు తల ఎత్తకుండా చూసింది. మూడో రోజు అందర్నీ విహారం మండపంలో కూర్చోబెట్టి ఫలితాలు చదివింది. మామూలుగా అయితే ఎవరి ఫలితం వాళ్ళకే చెప్పాలట. ఆమె పేరు పెట్టి, గొంతెత్తి చదివింది. ముందుగా పిలిచినవన్నీ ఇల్లు పీకినవాళ్ళ పేర్లే. పన్నెండేళ్ళూ ఆ వరస ఆమెకు కంఠతా ఉన్నట్టుంది.

"సోన్ అన్నా. నీ దాంట్లో బోలెడు పురుగు గుడ్లు. కాలేయంలో పురుగులున్నాయి. మా నిచ్చెన బాగుందా?"

నాకు తల ఎత్తడం చేతకాలేదు.

నూట నలభై మందిలో నూరు మందికి పైగా ఆ గుడ్లే. పచ్చి చేపతో చేసే కోయి అనే వంటకం తినడం వల్ల వస్తాయని చెప్పింది. చెరువు చేపని సన్నగా తరిగి, నిమ్మరసం, కారం, వేయించిన బియ్యప్పొడి కలిపి తినడం మాకు తాతల నాటి నుంచీ ఉన్నదే. ఖమ్‌ఫోన్ నవ్వాడు.

"నిమ్మకాయ పిండుతాం. పైన సారా పోస్తాం. ఇంకే పురుగు బతుకుతుందమ్మా?"

"నా మాట నమ్మొద్దు పెదనాన్నా. నీ చేప, నీ నిమ్మకాయ, నీ సారా నువ్వే పట్రా."

తెచ్చాడు. ఆమె చేప కండని నిమ్మరసంలోనూ సారాలోనూ నానేసి, జిగురన్నం ముద్ద తింటూ కూర్చుంది. మేము పెట్టిన అన్నం కాదు, తన డబ్బాలోది. ఆ తర్వాత కండని రెండు గాజు పలకల మధ్య నొక్కి మైక్రోస్కోపు కింద పెట్టి, అతన్నే ముందు పిలిచింది. గుండ్రటి గూడు, అందులో చుట్టచుట్టుకున్న పురుగు, మెల్లగా మెలితిరుగుతూ.

"సారా తాగి కూడా కదులుతోంది. నీకంటే గట్టిది," అంది.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఖమ్‌ఫోన్ చాలాసేపు కన్ను తియ్యలేదు. అతని తర్వాత మేమంతా వరసలో నిలబడి చూశాం.

"మాత్రలు అందరికీ ఇస్తాను. ఇవ్వడం నా ఉద్యోగం," అంది లమ్‌యోంగ్. "మింగే ముందు ఒక్కొక్కరూ ఒక మాట చెప్పాలి. బున్‌మా మామ కాలేయం ఎవరు తిన్నారు?"

మొదటివాడు గొణిగాడు. "చేప పురుగు."

"గట్టిగా. మా అమ్మకి ఒక చెవి వినపడదు."

ఆ రోజు కూడా పెంగ్ జీపులోనే కూర్చుని ఉంది; నూరు మందికి పైగా అటు తిరిగి అరిచాం. ఖమ్‌ఫోన్ కూడా అరిచాడు. పెంగ్ కదల్లేదు. ఒళ్ళో ఉన్న గొడుగు పిడిని పట్టుకుని ఉంది.

చివరికి తోంగ్‌సుక్ మిగిలింది. ఆమె ఆ మాట అనలేదు. కొడుకుని రెక్క పట్టి ముందుకు తెచ్చింది. వాడికి ముప్పై ఏళ్ళుంటాయి. కళ్ళు పసుపు రాసినట్టున్నాయి.

"వీడికి ఎన్ని మాత్రలు?"

లమ్‌యోంగ్ వాడి డొక్క తడిమి చూసింది. మొహంలో ఏదో మారింది. అది జాలి అనుకున్నాను.

"మాత్రతో పురుగు చస్తుంది. లోపల పెరిగిన గడ్డ పోదు. పెద్దాసుపత్రికి చీటీ రాసిస్తాను, తీసుకెళ్ళండి."

"బతుకుతాడా?"

"ఇన్నేళ్ళూ వాడికి కోయి ఎవరు కలిపి పెట్టారు అత్తా?"

తోంగ్‌సుక్ తన కుడి చెయ్యి వైపు చూసుకుంది. అలాగే నేల మీద కూలబడింది. లమ్‌యోంగ్ వంగి ఆమె కళ్ళలోకి చూసి, మెల్లగా అంది.

"నేను ఆ రోజు అడిగినప్పుడు మీలో ఒక్కరు కాసేపు ఆలోచించి ఉంటే, వీడి జబ్బుకి మూలమేదో అప్పుడే తెలిసేది."

చీటీ రాసిచ్చింది. అక్షరం తప్పు లేకుండా రాసింది. వానలు పడకముందే వాడు పోయాడు. కర్మకి లమ్‌యోంగ్ రాలేదు.

మాత్రలు పంచిన రోజు వాళ్ళు బయల్దేరేముందు ఖమ్‌ఫోన్ జీపు దగ్గరికి వెళ్ళి పెంగ్ ముందు చేతులు జోడించాడు. ఆమె అతని వైపు వినపడని చెవిని తిప్పింది. "పోదాం పదవే, ఎండెక్కింది," అని కూతురితో అంది.

తర్వాత ఒకసారి జీపులోకి పెట్టె ఎక్కిస్తూ లమ్‌యోంగ్‌ని అడిగాను, కసి తీరిందా అని.

"లేదన్నా. మీరందరూ నిజం ఒప్పుకుంటే తీరుతుందనుకున్నాను. ఒప్పుకున్నారు. అమ్మ చెవి రాలేదు."

ఆరు నెలలకోసారి వస్తుంది. మా ఊళ్ళో మంచినీళ్ళు కూడా ముట్టదు. గుడ్లున్నవాళ్ళ పేర్లు గ్రామపెద్ద ఇంటి మీది మైకులో చదువుతుంది. మొన్న కూడా ఖమ్‌ఫోన్ పేరు వచ్చింది. చాటుగా తిన్నాడట. ఆ సాయంత్రం అతని పెళ్ళాం పచ్చడి బండ తీసుకుని అతన్ని చెరువు గట్టు దాకా తరిమింది.