పిల్లి మెడ మీద కుక్క మందు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నన్ను ఎవరు ఎప్పుడు చిన్నబుచ్చారో వారంతో సహా గుర్తుండేది (ఇప్పటికీ ఉంటుంది, అడిగితే చెబుతాను). వైరా నుంచి వెళ్ళి, భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఊరికి పంచాయతీ కార్యదర్శిగా చేరాను. కిరాయికి దొరికింది నెలల తరబడి తాళం వేసి ఉన్న పెంకుటిల్లు. తోడుగా రెండు నెలల తెల్ల పిల్లిపిల్లను తీసుకెళ్ళాను. తలుపు తీసి నాలుగడుగులు వేశానో లేదో, కంటికి కనబడనిదేదో చీలమండ దగ్గర గిల్లింది. సాయంత్రానికి ముసురు పట్టి కరెంటు పోయింది. పిల్లి ఖాళీ మూలనే చూస్తూ కూర్చుంది. గాలి లేకపోయినా దాని వీపు మీది బొచ్చు దానంతట అదే కదులుతోంది. కొవ్వొత్తి వెలిగించి తిరిగి చూస్తే పిల్లి లేదు. లోపలి గదిలోంచి టక్ టక్ టక్‌మని ఎవరో తలుపు తట్టిన చప్పుడు!

వాకిట్లోకి పరిగెత్తాను. నన్ను చూడవచ్చిన ఇంటి యజమానురాలు ముసలమ్మ గడప బయటే ఆగిపోయింది. "లోపలికి నేను రాను బిడ్డా" అంది.

"ఏముందవ్వా లోపల?"

"పేలు! ఎగిరే పేలు. ముందు కిరాయికున్నోళ్ళు మూడు పిల్లుల్ని సాకిండ్రు. మూసిన ఇంట్ల మనిషి అడుగు పడంగనే గవి లేస్తయ్. పోయి చూడు, నీ పిల్లే గోక్కుంటది, కాలు తలుపుకు తగుల్తున్నట్టుంది."

మర్నాడు పిల్లిని సంచిలో పెట్టుకుని పశువుల దవాఖానాకు వెళ్ళాను. కాంపౌండరు అందరి ముందూ, "ఏంది మేడం, గీ చిటికెడు పిల్లికి పేలా? గేదెలు ఆగినయ్, జర కూసోండి" అన్నాడు. నలుగురు నవ్వారు. వెంటనే లేచి వచ్చేశాను. "పిల్లిపిల్లకు బరువు చూసి మందెయ్యాలె, ఆగండి మేడం!" అని వెనక నుంచి అరిచాడు (వినబడింది, వినలేదు). దారిలో ఒక ఇంట్లో వాళ్ళ కుక్కకు వాడే పేల మందు అడిగి తెచ్చుకున్నాను. కుక్కకు గొట్టమంతా అయితే పిల్లికి పావు చాలని నేనే లెక్క కట్టి, దాని మెడ మీద పోశాను.

పొద్దు వాలేసరికి పిల్లి చెవులు వాటంతటవే కొట్టుకోసాగాయి. కళ్ళు మొత్తం నల్లగా అయిపోయాయి. ఎవరో వెనక నుంచి లాగుతున్నట్టు పక్కకు పక్కకు నడిచి పడిపోయింది. ఒళ్ళంతా వణుకు. నా వైపే చూస్తోంది గాని, చూపు నన్ను దాటి ఎక్కడికో పోతోంది. ఇంట్లో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. జన్మలో మాట్లాడకూడదనుకున్న ఆ కాంపౌండరుకే ఫోన్ చేశాను.

"కుక్క మందు పోసిండ్రా? అది పిల్లికి విషం మేడం! జల్దీ గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చటి నీళ్ళు పెట్టి మెడ కడగండి. నాకనియ్యకండి. పొడి గుడ్డల చుట్టండి. వస్తున్న."

కడుగుతుంటే నా చేతుల్లో అది ఎముకల చిన్న మూటలా వణికింది. అతను వానలో బండి మీద వచ్చి, డాక్టరుగారిని ఫోన్‌లో అడిగి సూది వేశాడు. వణుకు తగ్గేదాకా గంటన్నర కూర్చున్నాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు (అదీ ఒక రకమైన అవమానమే అనిపించింది). కోలుకున్నాక అతనే దాన్ని తూచి, పిల్లిపిల్లల మందు తెచ్చి, భుజాల మధ్య, నాలుక అందని చోట, బొచ్చు పాయ తీసి చర్మం మీద వేసి చూపించాడు. పక్కబట్టలన్నీ వేడినీళ్ళలో ఉడికించమన్నాడు.

ఇన్నేళ్ళలో నేను ఎందరి మీద ఫిర్యాదులు రాశానో! నిజంగా ఫిర్యాదు రాయవలసింది ఆ పిల్లి, నా మీద. అదేమో ఆ రాత్రి గడిచిన మర్నాడే పాలు తాగి, నా ఒళ్ళోకి ఎక్కి, మందు పోసిన చేతి మీదే తల పెట్టి నిద్రపోయింది. అది లేస్తుందేమోనని, కాళ్ళు తిమ్మిరెక్కినా ఆ పూటంతా కదలకుండా కూర్చున్న అప్పటి నన్ను, ఆ మొండి పిల్లను, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.